నారు ట్రేలో పోయాలా, మడిలో పోయాలా? సీమ పెరట్లకు ఒక పోలిక

సంక్రాంతి దాటిందంటే పెరట్లో నారు సంగతి మొదలవుతుంది. యూట్యూబ్‌లో ఎవరిని అడిగినా ప్రోట్రే (గుంతలున్న ప్లాస్టిక్ ట్రే), కొబ్బరి పీచు పొడి అంటారు. ఆ వీడియోలు తీసింది షేడ్‌నెట్ కింద, పొద్దస్తమానం నీళ్లు చల్లే మనిషి ఉన్న నర్సరీల్లో. అనంతపురం, కర్నూలు, కడప ఇళ్లలో పరిస్థితి వేరు. శివరాత్రి దాటేసరికి మధ్యాహ్నం ఎండ 35 డిగ్రీలు తాకుతుంది, గాలి పొడిగా కొడుతుంది, బోరు నీళ్లలో ఉప్పు ఉంటుంది, పదకొండు గంటలకు ఇంట్లో ఎవరూ ఉండరు. ఇలాంటిచోట ట్రే మంచిదా, మడి మంచిదా అని విడిగా అడిగితే జవాబు దొరకదు. ఏ పంట, ఏ తేదీ, ఏ నీళ్లు అన్నవి తేలితే పద్ధతి దానంతటదే తేలుతుంది.

మా లెక్క ముందే చెప్పేస్తాం. సంక్రాంతి రోజుల్లో టమాటాకు ట్రే మేలు. మిరపకు, వంగకు ఎప్పుడైనా మట్టి మడే మేలు. తీగ కూరగాయలకు, బెండకు, మటిక్కాయకు (గోరుచిక్కుడు) అసలు నారే వద్దు, పాదులో గింజ వేయడమే మేలు. పది పదిహేను మొక్కలు చాలనుకునేవాళ్లు కొనుక్కోవడం నయం. దీనికి మినహాయింపులు ఉన్నాయి, కారణాలు ఉన్నాయి.

నారు ఏ పంటకు కావాలి

టమాటా, వంగ, మిరప నారు పోసి నాటే పంటలు. పీకి నాటినప్పుడు వేరు కొంత తెగినా పక్క వేర్లు గుంపుగా వేసుకుని తట్టుకుంటాయి. బెండ, మటిక్కాయ అలా కాదు. మొలిచిన రోజు నుంచే తల్లివేరు నేలలోకి దిగుతుంది, దాన్ని కదిలిస్తే మొక్క గిడసబారుతుంది. బెండ గింజను రాత్రంతా నానబెట్టి పొద్దున రెండు సెంటీమీటర్ల లోతులో నేరుగా వేస్తే సరిపోతుంది. ఆకుకూరలు ఎలాగూ చల్లుకునేవే.

సొర, బీర, కాకర, దోస మధ్యరకం. వేరు కదిలితే తట్టుకోలేవు, కానీ మట్టి గడ్డ పగలకుండా కవర్లోంచి దింపితే పట్టించుకోవు. వీటి సంగతి కింద వేరుగా ఉంది.

ట్రే: లాభం ఎక్కడ, దెబ్బ ఎక్కడ

బజారులో దొరికేవి ఎక్కువగా 98 గుంతల ట్రేలు. ఒక్కో గుంతలో పట్టేది పాతిక మిల్లీలీటర్ల లోపు పొడి, అంటే రెండు పెద్ద చెంచాలు కూడా కాదు. లాభమూ నష్టమూ రెండూ ఇక్కడే ఉన్నాయి. మొక్కకు మొక్క విడిగా ఉంటుంది కాబట్టి తెగులు ఒకదాని నుంచి ఇంకోదానికి తొందరగా పాకదు. నాటేటప్పుడు వేరు తెగదు, మరుసటి రోజు కూడా మొక్క తల వాల్చదు. కానీ రెండు చెంచాల పొడిలో ఉన్న తడి ఫాల్గుణం ఎండకు మధ్యాహ్నం దాకా ఆగదు. పొద్దున తడిపి ఆఫీసుకో బడికో వెళ్లి సాయంత్రం వచ్చేసరికి మొక్కలు పడుకుని ఉంటాయి. కొన్ని లేస్తాయి, అంచు వరుసలవి లేవవు. అంచు గుంతలకు పక్కనుంచి గాలి తగులుతుంది కదా, ముందు ఎండేవి అవే.

జనవరిలో ఈ ఇబ్బంది తక్కువ. రోజుకు రెండు తడులు సరిపోతాయి. ట్రేకు ఒక తడికి అర లీటరు నీళ్లు చాలు. మార్చి వచ్చేసరికి మూడు తడులు కావాలి, అందులో ఒకటి ఒంటిగంటకు. ఆ వేళకు నీళ్లు పోసే మనిషి ఇంట్లో లేకపోతే మార్చిలో ట్రే పెట్టుకోకండి.

పొడి తయారీలో తొందరపడేవాళ్లే ఎక్కువ. 650 గ్రాముల కొబ్బరి పీచు ఇటుక నానితే ఎనిమిది లీటర్ల దాకా అవుతుంది, మూడు ట్రేలకు వస్తుంది. నానబెట్టిన మొదటి నీళ్లు డికాక్షన్ రంగులో ఉంటాయి. వాటిని పారబోసి మళ్లీ నింపాలి, రంగు తేలేదాకా రెండు మూడు సార్లు. కొబ్బరి పీచులో సహజంగానే ఉప్పు ఉంటుంది, అది పోకపోతే మొలకల ఆకు అంచులు మాడతాయి. కడిగిన పొడి రెండు పాళ్లు, జల్లించిన వర్మీకంపోస్టు ఒక పాలు కలపాలి. గుప్పిట్లో గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనపడాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టు.

గుంతకు ఒక గింజ, అర సెంటీమీటరు లోతు, పైన అదే పొడి పల్చగా. తర్వాత ట్రే మీద ఇంకో ట్రే బోర్లించి, ప్లాస్టిక్ షీటు చుట్టి, ఇంట్లో ఒక మూల పెట్టాలి. నాలుగో రోజు నుంచి రోజూ రెండు పూటలా తీసి చూడాలి. తెల్లటి కాడ విల్లులా వంగి ఒక్క గుంతలో కనపడినా సరే, అప్పుడే షీటు తీసేసి వెలుతురులోకి తేవాలి. మిగతావి కూడా రానిద్దామని ఒక రోజు ఆగితే ముందు మొలిచినవి చీకట్లో వేలెడు పొడవు సాగిపోతాయి. అలా సాగిన నారు ఎంత ఎండలో పెట్టినా మళ్లీ గట్టిపడదు, మొదలు దగ్గరే వంగి పడిపోతుంది. టమాటా అయిదు నుంచి ఎనిమిది రోజుల్లో మొలుస్తుంది, వంగ పది దాకా, మిరప పన్నెండు దాకా తీసుకుంటాయి. అందుకే మూడింటినీ ఒకే ట్రేలో పోయకూడదు.

ట్రేను మిద్దె గచ్చు మీద నేరుగా పెట్టడం ఇంకో పొరపాటు. గచ్చు వేడి అడుగు నుంచి వేరును ఉడికిస్తుంది. నాలుగు ఇటుకల మీదో, పాత బల్ల మీదో పెడితే అడుగు రంధ్రాల్లోంచి గాలి ఆడుతుంది. బయటకొచ్చిన వేరు కొస గాలికి ఎండి, లోపల పక్క వేర్లు గుబురుగా పుడతాయి.

కొబ్బరి పొడిలో బలం దాదాపు ఉండదు. పన్నెండో రోజున ఒకసారి, ఇరవయ్యో రోజున ఒకసారి 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది) లీటరుకు రెండు గ్రాములు కలిపి పోయాలి. నర్సరీల్లో మూడు గ్రాములు వాడతారు. ఇంట్లో తడులు తప్పుతుంటాయి కాబట్టి రెండే మంచిది, ఎండిన పొడి మీద చిక్కటి ఎరువు నీళ్లు పడితే వేరు మాడుతుంది. టమాటాకు 25 నుంచి 30 రోజులు ఈ గుంత సరిపోతుంది. మిరపకు 35–40 రోజులు కావాలి, వంగకు 30–35. ఆ చివరి పది రోజులు గుంతలో వేర్లు చుట్టుకుపోయి కింది ఆకులు పసుపెక్కుతాయి. మిరపను మడికే వదిలేయమని మేం అనేది ఇందుకే.

మట్టి మడి: ఒక తడి తప్పినా చావదు

నలభై మొక్కలకు మీటరు పొడవు, మీటరు వెడల్పు మడి ఎక్కువే. పదిహేను సెంటీమీటర్లు, అంటే జానెడుకు కొంచెం తక్కువ ఎత్తు ఉండాలి. ఎత్తు లేకపోతే నీళ్లు నిలిచి నారు కుళ్లుతుంది.

నేలను బట్టి మడి మారుతుంది. అనంతపురం ఎర్రనేలలో నీళ్లు బాగానే ఇంకుతాయి, కానీ తడి ఆరగానే పైన పెచ్చు కడుతుంది. మిరప గింజ లాంటి చిన్న మొలకకు ఆ పెచ్చును పగలగొట్టే శక్తి లేదు. గింజలు మొలవలేదని దుకాణం వాణ్ణి తిట్టుకునేవాళ్ల మడిలో గోరుతో పెచ్చు లేపి చూడండి, కింద వంకర్లు తిరిగిన తెల్ల మొలకలు దొరుకుతాయి. మందు చాలా సులువు: గింజల మీద మట్టి కప్పకుండా జల్లించిన దిబ్బెరువు, ఇసుక సమంగా కలిపి ఒక సెంటీమీటరు కప్పాలి. అది పెచ్చు కట్టదు.

కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడిలో తంటా వేరు. తడిస్తే జిగురు, ఆరితే పగుళ్లు. పగులుతో పాటు వేరూ తెగుతుంది. అక్కడ నేలలో మడి కట్టడం కన్నా అడుగు లోతున్న పాత టబ్బుకో, పగిలిన ప్లాస్టిక్ డ్రమ్ము సగానికో కింద రంధ్రాలు చేసి ఎర్రమట్టి, ఇసుక, దిబ్బెరువు సమపాళ్లలో నింపుకుంటే మడి చేసే పనే చేస్తుంది. మిద్దె మీద పెంచేవాళ్లకూ ఇదే మా సలహా. టబ్బులో ఇరవై లీటర్ల మట్టి తడి పట్టుకుంటుంది, ట్రేలో రెండున్నర లీటర్ల పొడి. మధ్యాహ్నం ఇంట్లో లేని మనిషికి ఆ తేడా చాలా పెద్దది.

ఎరువు సంగతి. తొమ్మిది కిలోల బాగా మాగిన దిబ్బెరువు, కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మంచి శిలీంధ్రం) పొడి కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెసంచి కప్పి వారం పది రోజులు ఉంచితే ఆ శిలీంధ్రం ఎరువంతా అల్లుకుంటుంది. అది మడికి వేస్తే నారుకుళ్లు చాలా మటుకు అదుపులో ఉంటుంది. పచ్చి పేడ మాత్రం వద్దు. వేడి చేస్తుంది, వేరుపురుగు వస్తుంది.

గింజలను చల్లడం కాకుండా వరుసల్లో పోయాలి. వరుసకు వరుసకు నాలుగు వేళ్ల ఎడం, గింజకు గింజకు ఒక వేలు. టమాటా గ్రాముకు మూడు వందల పైన గింజలు ఉంటాయి. నలభై మొక్కలకు పావు గ్రాము చాలు. పది గ్రాముల ప్యాకెట్ కొన్నాం కదా అని అంతా కుమ్మరిస్తే నారు ఒకదాని నీడలో ఒకటి సన్నబడి, గాలి ఆడక మొదళ్లు కుళ్లుతాయి. మిగిలిన ప్యాకెట్ మూతి మడిచి గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వచ్చే ఏడాదికి పనికొస్తుంది. ఎర్రగానో నీలంగానో రంగు పూసిన గింజలకు అప్పటికే మందు పట్టించి ఉంటుంది. మళ్లీ ఏమీ కలపనక్కర్లేదు, పిల్లలకు అందకుండా పెట్టండి.

పైన వరిగడ్డి పల్చగా పరిచి దాని మీదే రోజ్ క్యాన్‌తో నీళ్లు చల్లాలి. మొలకలు కనపడగానే గడ్డి తీసేయాలి. గడ్డికి బదులు శనక్కాయ పొట్టు వేసేవాళ్లున్నారు. మొలకలు వచ్చాక దాన్ని ఏరలేం, గడ్డినైతే ఒక్క చేత్తో ఎత్తేయొచ్చు. పొట్టును నాటిన తర్వాత మొక్కల మధ్య పరచడానికి దాచుకోండి. చీమలు గింజలు ఎత్తుకుపోకుండా మడి చుట్టూ బూడిద గీత గీయండి. తడిస్తే దాని పని అయిపోతుంది, మళ్లీ గీయాల్సిందే.

మడికి ఉన్న నష్టం పీకేటప్పుడు బయటపడుతుంది. వేర్లు తెగుతాయి, నాటాక మూడు నాలుగు రోజులు మొక్క వాలిపోతుంది. దాన్ని తగ్గించే దారి ఉంది. పీకే రోజు పొద్దున మడిని బాగా తడపాలి, సాయంత్రం అయిదు దాటాక అట్లకాడను వరుస పక్కన నిలువుగా దించి, మట్టితో సహా ఎత్తాలి. కాడ పట్టుకుని లాగకూడదు. వెంటనే నాటి నీళ్లు పోసి, పడమటి వైపు ఒక వేపరెమ్మ గుచ్చితే మధ్యాహ్నం ఎండ నేరుగా తగలదు. నాలుగో రోజున రెమ్మ తీసేయొచ్చు.

పాల ప్యాకెట్లు, కాగితం కప్పులు

సొర, బీర, కాకరలకు అర లీటరు పాల ప్యాకెట్ మంచి కుండీ. పైభాగం కత్తిరించి, అడుగున నాలుగు, పక్కన వేలెడు ఎత్తులో రెండు రంధ్రాలు చేయాలి. అడుగు రంధ్రాలు నేలకు అంటుకుని మూసుకుపోయినా పక్కవి నీళ్లు వదులుతాయి. రెండు గింజలు వేసి, రెండూ మొలిస్తే నీరసంగా ఉన్నదాన్ని కత్తెరతో కోయాలి. పీకితే పక్కదాని వేరూ కదులుతుంది. కాకర గింజ తోలు మందం, గోళ్ల కత్తెరతో కొస కొంచెం తుంచి పన్నెండు గంటలు నానబెడితే మొలక తొందరగా వస్తుంది. పన్నెండు నుంచి పదిహేను రోజులకు రెండు అసలు ఆకులు విచ్చుకోగానే బ్లేడుతో కవర్ చీల్చి గడ్డ పగలకుండా పాదులో దింపాలి. మూడో వారం దాటితే వేరు అడుగున చుట్ట చుట్టుకుంటుంది, ఆ తీగ తర్వాత ఎంతకీ సాగదు.

ఇంత పని ఎప్పుడు చేయాలంటే: పాదు పెట్టాల్సిన చోట చలికాలపు టమాటా ఇంకా కాస్తున్నప్పుడు, లేదా ఉడతలు గింజలు తవ్వేసే పెరట్లో, లేదా రాత్రి చలి 17 డిగ్రీల దగ్గరున్న జనవరిలో కాకర పెట్టాలనుకున్నప్పుడు. మిగతా సందర్భాల్లో పాదుకు మూడు గింజలు నేరుగా వేయడమే గెలుస్తుంది. నేలలో మొలిచిన తీగ వేరు లోతుకు పోతుంది, మే నెలలో ఆ తేడా తెలుస్తుంది.

న్యూస్‌పేపర్ కప్పులు, పీచు కుండీలు చూడటానికి బాగుంటాయి. మన పొడిగాలికి అవి పనికిరావు. గోడల్లోంచే తడి ఆవిరైపోతుంది, లోపల మట్టి ట్రే కన్నా తొందరగా ఎండుతుంది.

కొన్న నారు

నర్సరీ నారులో పనంతా వాళ్లదే, మీకు నెల రోజులు కలిసొస్తుంది. కానీ అక్కడ దొరికేది రైతులు అడిగే రకాలు: తోలు మందంగా, లారీలో దూరం పోయినా చితకని హైబ్రిడ్‌లు. పప్పులోకి పుల్లటి నాటు టమాటా కావాలంటే విత్తనం సంపాదించి మీరే పోసుకోవాలి. ఆకుముడత భయం ఎక్కువున్న చోట బెంగళూరు ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్ల అర్కా రక్షక్ అడిగి చూడండి. ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండుతెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునేలా తయారు చేసిన హైబ్రిడ్ అది. హైబ్రిడ్ కాబట్టి దాని కాయల గింజలు దాచి మళ్లీ పోస్తే అదే గుణం రాదు.

కొనేటప్పుడు పొడవు చూసి మోసపోవద్దు. జానెడు లోపు ఎత్తు, నాలుగైదు అసలు ఆకులు, గట్టి కాడ ఉండాలి. ఒక మొక్కను గుంతలోంచి పైకి తీసి చూపించమనండి. వేర్లు తెల్లగా ఉంటే తీసుకోండి, గోధుమ రంగులో చుట్టలు చుట్టుకుని ఉంటే అది ముదిరిన నారు. ట్రేను చేత్తో తట్టండి, తెల్లదోమ లేస్తే ఆ ట్రే వద్దు. పూత మీదున్న నారు త్వరగా కాస్తుందని ఇస్తారు. అది గుంతలో ఆకలికి పూసిన పూత, తీసుకోకండి. ఇంటికి తెచ్చాక మూడు రోజులు పొద్దుటి ఎండ మాత్రం తగిలే చోట ఉంచి నాటాలి. షేడ్‌నెట్ కింద పెరిగిన ఆకు ఒక్కసారిగా ఎండలో పెడితే తెల్లగా మచ్చలు పడుతుంది.

నీళ్ల పరీక్ష

ఇది ముందే చెప్పాల్సిన మాట. ఉక్కు గరిటెలో బోరు నీళ్లు పోసి పొయ్యి మీద ఇగరబెట్టండి. అడుగున తెల్లటి పొర మందంగా మిగిలితే ఆ నీళ్లు ట్రేకు పనికిరావు. మట్టిలో ఉప్పు కిందికి దిగడానికి చోటుంటుంది, రెండు చెంచాల పొడిలో పదో రోజుకే పైన తెల్లగా పేరుకుంటుంది. లక్షణాలు రెండు రకాలు. ముదురాకుల అంచులు మాడితే ఉప్పు. లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు, సున్నపు నీళ్లతో ఇదే తంటా. దీనికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) లీటరుకు రెండు గ్రాములు, నిమ్మ ఉప్పు చిటికెడు కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే వారంలో పచ్చబడుతుంది. అసలు మందు నీళ్లు మార్చడమే. 20 లీటర్ల మంచినీళ్ల క్యాను జనవరిలో ఒక ట్రేకు ఇరవై రోజుల దాకా వస్తుంది. ఆర్వో మిషన్ పక్క పైపులోంచి వచ్చే నీళ్లు వృథా పోతున్నాయని నారుకు పోసేవాళ్లున్నారు. ఆ నీళ్లలో మామూలు బోరు నీళ్ల కన్నా ఉప్పు ఎక్కువ. వాటిని బాత్‌రూం కడగడానికి వాడుకోండి. సరైన లెక్క కావాలంటే రెడ్డిపల్లి, ఊటుకూరు, బనవాసి, యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రాల్లో నీటి పరీక్ష గురించి అడగొచ్చు.

ఏ పద్ధతైనా తప్పని రెండు

నారుకుళ్లు మొదటిది. నిన్న నిలబడ్డ మొలక ఈరోజు నేల దగ్గర నీళ్లు చిమ్మినట్టు మెత్తబడి పక్కకు ఒరుగుతుంది, ఆకు మాత్రం పచ్చగానే ఉంటుంది. అలాంటివి ఒకచోట వలయంగా కనపడితే ఆ చుట్టూ మట్టితో సహా తీసేసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు మూడు గ్రాములు కలిపి మొదళ్లు తడిసేలా పోయాలి. రాగి మందు ట్రైకోడెర్మానూ దెబ్బతీస్తుంది కాబట్టి ముందు జాగ్రత్తగా పోయొద్దు, తెగులు కనపడితేనే. చీకటి పడ్డాక నీళ్లు పోయడం మానేస్తే సగం తెగులు రాదు. నాలుగు గంటలకే చివరి తడి ఇవ్వండి, రాత్రికి పైమట్టి ఆరాలి.

రెండోది తెల్లదోమ. టమాటా ఆకుముడతను మోసేది అదే, నారులో పట్టిన వైరస్‌కు తర్వాత మందు లేదు. దోమతెర కప్పితే చాలనుకుంటారు, దాని కన్నాల్లోంచి తెల్లదోమ తేలిగ్గా దూరుతుంది. 40 లేదా 50 మెష్ (అంగుళానికి అన్ని కన్నాలున్న) నైలాన్ నెట్ కావాలి. రెండు మీటర్ల గుడ్డ కొని, వంచిన కడ్డీల మీద పరిచి, అంచులు మట్టితో కప్పండి. ఈ ఖర్చు ట్రే ఖర్చు కన్నా ముఖ్యం. నీడ కోసం పాత తెల్ల పంచె పదకొండు నుంచి నాలుగు దాకా కప్పి మిగతా వేళ తీసేస్తే చాలు. రోజంతా నీడలో ఉంచిన నారు సాగిపోతుంది. నాటడానికి వారం ముందు పంచె మానేసి, నీళ్లు తగ్గించి ఎండకు అలవాటు చేయాలి.

తేదీని బట్టి

సంక్రాంతి నుంచి జనవరి నెలాఖరు లోపు టమాటా పోస్తే ఏప్రిల్ మొదటికల్లా పిందె నిలబడుతుంది. శివరాత్రి తర్వాత పోసిన టమాటా ఏప్రిల్ చివర్లో పూతకొస్తుంది. పగలు 35, రాత్రి 25 డిగ్రీలు దాటితే పుప్పొడి పనిచేయదు, పూలన్నీ రాలతాయి. చెట్టు పచ్చగా ఉంటుంది, కాయ ఉండదు. అప్పుడు ఎరువు వేసినా ఫలితం లేదు. కాబట్టి శివరాత్రి దాటితే టమాటా ట్రే పక్కన పెట్టేయండి.

వంగ, మిరప ఫిబ్రవరి నెలాఖరు దాకా మడిలో పోసుకోవచ్చు. వంగ ఎండను ఓర్చుకుంటుంది. మిరప వేసవిలో ఊరికే నిలబడినా మృగశిర కార్తె చినుకులకు పూతపడుతుంది. ఉగాది దగ్గర పడిందంటే బెండ, మటిక్కాయ, బీర, దోస నేరుగా వేసుకోవడమే.

ఖాళీ అయిన నారుమడిని మాత్రం అలా వదిలేయకండి. ఏప్రిల్ మొదట్లో బాగా తడిపి, పల్చటి, అవతలిది కనపడే పాలిథీన్ షీటు బిగుతుగా పరిచి, అంచులు మట్టితో మూసి అయిదారు వారాలు ఉంచండి. నల్ల షీటు వద్దు, అవతలిది కనపడే షీటే ఎండను లోపలికి వదులుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండను కూడా వాడుకోవాలంటే జూన్ మొదటి వారం దాకా ఉంచి, మృగశిరకు షీటు తీసి అదే మడిలో వానాకాలపు టమాటా నారు పోయొచ్చు. షీటు తీశాక మట్టిని లోతుగా తిరగేయకూడదు. వేడి తగిలింది పై నాలుగైదు అంగుళాలకే, కింది మట్టి పైకి వస్తే తెగులూ దానితోపాటే వస్తుంది.